ఊరంతటికీ ఒక్క ఫిర్యాదు

ఆ ఉదయం కమాండర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. అందరికంటే ముందు ఆఫీసుకు చేరాలి. ఊరి ఫిర్యాదులన్నిటినీ ఒక్కచోట చేర్చాలి. తనిఖీకి వచ్చే పెద్ద ఇంజినీరు గారి ముందు పెట్టాలి. సాయంత్రానికల్లా ఉద్యోగం పర్మినెంటు చేయించుకోవాలి.

అందరూ కమాండర్ అంటారు కదా అని సైన్యంలో పనిచేశాడనుకునేరు. నీళ్ళూ మురుగూ చూసే ఆఫీసులో రికార్డుల గుమాస్తా. లోకమంతా మౌసు పట్టుకుని బొమ్మల మీద నొక్కుతుంటే, ఇతను మాత్రం లినక్సు అనే కంప్యూటరు వ్యవస్థలో నల్లతెర తెరిచి దానికి ఆదేశాలు, అంటే కమాండ్లు, టైపు చేసేవాడు. అందుకే ఆ పేరు. మౌసు ముట్టుకోవడమంటే ఇంకొకరి చేత అన్నం కలిపించుకుని తినడమేనని అతని గట్టి నమ్మకం. ఇంత పరిజ్ఞానం ఉన్నా ఉద్యోగం మాత్రం ఏళ్ళ తరబడి తాత్కాలికమే. ఈ తనిఖీ గట్టెక్కితే ఖాయమవుతుంది, లేకపోతే ఇంటిదారి పట్టాలి.

ఆ ఆఫీసులో ఫైళ్ళకు ఒక పద్ధతి ఉంది. కంప్యూటర్లో ఊళ్ళోని ప్రతి ఇంటికీ ఒక ఫోల్డరు. ఆ ఇంటివాళ్ళు వచ్చి మొరపెట్టుకుంటే టైపిస్టమ్మ ఆ గోడు మొత్తం టైపు చేసి, వాళ్ళ ఫోల్డరులో ‘ఫిర్యాదు’ అన్న పేరుతో దాచేది. సమస్య తీరాక తీసేసేది. అన్ని ఇళ్ళకూ అదే పేరు. ఎవరి ఫోల్డరులో వారిది కాబట్టి ఇన్నాళ్ళూ ఏ పేచీ రాలేదు.

కమాండర్ వేళ్ళు విరుచుకుని ఆదేశం కొట్టాడు. ‘ఫిర్యాదు’ ఏ మూల ఉన్నా ‘ఫైండ్’తో వెతికి పట్టుకోవాలి, పట్టుకున్నదాన్ని ‘ఎంవీ’ అనే ఆదేశంతో అక్కణ్ణించి తీసుకొచ్చి ‘తనిఖీ’ అనే ఫోల్డరులో పడెయ్యాలి. మొదటిది నోరెత్తకుండా వచ్చింది. రెండోదాని దగ్గర తెర ఆగి, ఈ పేరుతో ఇక్కడ ఇంకొకటి ఉంది, దాని మీద రాసెయ్యమంటావా అని అడిగింది. రాసెయ్యమన్నాడు. మూడోదానికీ అదే ప్రశ్న.

“ఏంటే నీ నస? కొత్తల్లుడిలా ప్రతిదానికీ బతిమాలించుకుంటావేం!” అని విసుక్కుని, అడిగే ఏర్పాటు తీసేసి మళ్ళీ కొట్టాడు. రెప్పపాటులో పని అయిపోయింది. అంతటితో ఊరుకున్నాడా! జాగ్రత్తపరుడు కదా, విడిగా దాచే నకలు డిస్కు కూడా తెచ్చి, ఇక్కడ ఎలా ఉందో అక్కడా అచ్చం అలాగే ఉండాలని, ఇక్కడ లేనిది అక్కడా ఉండకూడదని ఇంకో ఆదేశం ఇచ్చాడు. అదీ అక్షరాలా జరిగింది.

అప్పుడు ‘తనిఖీ’ తెరిచి చూశాడు. ఒక్కటంటే ఒక్క ఫైలు ఉంది. ఒకే పేరున్న ఫైళ్ళు ఒకే చోటికి వచ్చేసరికి, వచ్చింది వచ్చినట్టు ముందున్నదాన్ని చెరిపేసి కూర్చుంది. ఊరి గోడు మొత్తం మాయమై, ఆఖరున వచ్చినది మిగిలింది. కమాండర్ గబగబా నకలు డిస్కు తెరిచాడు. అక్కడా అదొక్కటే. పాపం, నాలుక పిడచకట్టుకుపోయి మంచినీళ్ళ కోసం చూస్తే, ఆ ఆఫీసు కుళాయిలో నీళ్ళు రావడం లేదు.

బయట కిటికీ దగ్గరికి ఓ పెద్దాయన వచ్చాడు. “మా వీధిలో మురుగు పొంగుతోందమ్మా. నేనిచ్చిన ఫిర్యాదు ఏమైంది?”

టైపిస్టమ్మ ఆయన ఫోల్డరు తెరిచి చూసింది. “మీ పేరున ఏ ఫిర్యాదూ లేదు బాబాయిగారూ. అంటే తీరిపోయినట్టే.”

“తీరిపోతే నా చెప్పులకు అంటుకున్నదేమిటమ్మా?”

ఆమె సమాధానం వెతుక్కునేలోపు జీపు వచ్చి ఆగింది. పెద్ద ఇంజినీరు గారు లోపలికి వచ్చి, తెర చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

“ఊరంతటికీ ఒక్కటేనా?”

కమాండర్ నోరు తెరిచేలోపే టైపిస్టమ్మ నిజంగానే పొంగిపోయింది. “అంతా మా కమాండర్ గారి చలవే సార్. పొద్దున్నే వచ్చి ఒక్కచేత్తో తీర్చేశారు.”

పెద్ద ఇంజినీరు గారు ఆ ఒక్కటీ గట్టిగా చదివారు. “స్నానాల గదిలో నీళ్ళు పోవడం లేదు. అల్లుడు మీ ఆఫీసులోనే ఉద్యోగం వెలగబెడుతున్నాడు. చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. అతనికి తెలియకుండా వచ్చి రాయిస్తున్నాను.” కింద చిరునామా చూసి ఆయన తల ఎత్తారు. “ఈ ఇల్లు?”

“మాదేనండి,” అన్నాడు కమాండర్, ఉరిశిక్ష విన్నవాడిలా.

ఆయన కళ్ళు చెమర్చాయి. “ఊరందరి కష్టం తీర్చి, సొంతింటి కష్టం ఆఖరున పెట్టావా! పదండి. ఇది నా కళ్ళముందే తీరాలి.”

జీపూ, దాని వెనక పంపుబండీ, గునపాలు పట్టుకున్న పనివాళ్ళూ ఊరేగింపుగా కమాండర్ ఇంటికి చేరారు. అత్తగారు తలుపు తీసి, “ఇన్నాళ్ళకు దయ కలిగిందా!” అంటూ దారి చూపించింది. పనివాళ్ళు గొట్టం వెంబడి వెతుక్కుంటూ వెళ్ళి వంటగదిలో ఆగారు. మురుగు గుంత మూత సరిగ్గా అక్కడే ఉండాలి. దాని మీద కమాండర్ పోయిన వేసవిలో ముచ్చటపడి వేయించిన నున్నటి రాతి గచ్చు ఉంది.

గునపం పైకి లేచింది. కమాండర్ అడ్డం పడ్డాడు. గచ్చు కోసమే అడ్డం పడ్డాడు, అబద్ధమెందుకు! కానీ నోరు తెరిచాక, పొద్దుటినుంచి గొంతులో అడ్డుపడి ఉన్నదంతా బయటికి వచ్చేసింది.

“ఆగండి సార్! ఇదొక్కటే కాదు, ఊరంతా ఫిర్యాదులే. అందరివీ నేనే చెరిపేశాను. పొరపాటున ఒకదాని మీద ఒకటి రాసేశాను. ముందు ఆ పెద్దాయన వీధికి వెళ్దాం సార్, అక్కడ మురుగు పొంగుతోంది. నా ఉద్యోగం పోతే పోనీండి!”

పెద్ద ఇంజినీరు గారు అతని భుజం మీద చెయ్యి వేశారు. “ఇల్లు పగలగొడుతుంటే ఎంతటివాడైనా చలిస్తాడయ్యా. దానికి నీ పేరు నువ్వే చెడగొట్టుకోవాలా?”

“నిజం సార్! ఒట్టు!”

“ఆ ఒట్లు నమ్మకండి బాబూ,” అంది అత్తగారు. “పని తప్పించుకోవడానికి ఏ కథైనా అల్లుతాడు. మీరు కొట్టించండి.”

కొట్టించారు. గచ్చు ముక్కలైంది, మూత లేచింది, స్నానాల గదిలో నీళ్ళు గలగలా వెళ్ళిపోయాయి. అత్తగారు మొట్టమొదటిసారి అల్లుణ్ణి మెచ్చుకోలుగా చూసింది. అతను ఆ రాళ్ళ మధ్యే చతికిలబడి, తల పట్టుకుని నిజంగానే ఏడ్చాడు. అవి ఆనందబాష్పాలని అందరూ అనుకున్నారు.

పెద్ద ఇంజినీరు గారు జీపులోనే రాయించిన ఉత్తర్వు తెచ్చి అతని చేతిలో పెట్టారు. ఉద్యోగం ఈ రోజు నుంచే పర్మినెంటు. వచ్చే సోమవారం నుంచి జిల్లాలోని ఆఫీసులన్నీ తిరిగి, ఫిర్యాదులు తీర్చే ఈ పద్ధతిని అందరికీ నేర్పాలి. దీనిపై అభ్యంతరాలేమైనా ఉంటే ఎవరి ఊరి కార్యాలయంలో వారే ఫిర్యాదు చేసుకోవచ్చని కింద చిన్న అక్షరాల్లో ఉంది.