పోలేరయ్య ఇంటి ఫైబర్ కనెక్షన్

ఇంటికి ఇంటర్నెట్ రాకపోవడం మహాభాగ్యం. ఈ మాట నేను తొందరపడి అనడం లేదు. బాగా ఆలోచించి, మా చినకండ్రిగ తుఫాను షెల్టర్ డాబా మీద నిలబడి, ఫోను ఆకాశానికి ఎత్తి పట్టుకుని మరీ అంటున్నాను.

నెట్ ఉన్న ఊళ్ల బతుకు చూడండి. తండ్రి ఒక గదిలో, కొడుకు ఇంకో గదిలో, ఎవరి ఫోనులో వాళ్లు మునిగి ఉంటారు. కోట మండలంలో సముద్రం వైపు ఉన్న మా ఊరికి ఆ బెడద లేదు. సిగ్నల్ దొరికేది షెల్టర్ డాబా మీదే కాబట్టి సాయంత్రమైతే ఊరంతా అక్కడే. రొయ్యల గుంటలవాళ్లు రేటు కనుక్కోవడానికి, కొత్త పెళ్లికొడుకులు పుట్టింట్లో ఉన్న భార్యతో మాట్లాడడానికి, అందరికీ ఒకటే పిట్టగోడ. మొగుడూ పెళ్లాల గుట్టు కూడా ఊరుమ్మడి అయిపోయాక ఇక ఊళ్లో దాపరికాలెక్కడివి? మెట్లెక్కి దిగడంతో ముసలివాళ్ల మోకాళ్లు గట్టిపడ్డాయి. ఓటీపీ వచ్చేలోపు దాని గడువు తీరిపోతుంది గనక ఆన్‌లైన్ దొంగలు మా ఊరి జోలికి రావడమే మానుకున్నారు. ఇంతటి భద్రత ఢిల్లీలో ఎవరికైనా ఉందా?

అయినా పెద్దలు ఊరుకుంటారా! దేశంలో ప్రతి పల్లెకూ, పల్లెలో ప్రతి ఇంటికీ బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చి తీరతామన్నారు. అన్నట్టే జేసీబీ వచ్చి కోట రోడ్డు వెంబడి బారెడు గుంత తవ్వుకుంటూ పోయింది. నాయకుడొకాయన వచ్చి పంచాయతీ ఆఫీసులో ఒక పెట్టెకు పూలదండ వేసి, రిబ్బన్ కత్తిరించి, డిజిటల్ విప్లవం గురించి మైకులో గొంతు పోయేదాకా మాట్లాడి వెళ్లాడు. పెట్టెలో ఆకుపచ్చ లైటు మినుకు మినుకుమంది. ఆ తర్వాత ఆఫీసుకు తాళం పడింది. కిటికీలోంచి ఆ లైటు చూపించి పిల్లలకు అన్నం తినిపించిన తల్లులను నేనెరుగుదును.

కాంట్రాక్టరు మనుషులు మాత్రం పోతూ పోతూ ఆరెంజ్ రంగు పైపు చుట్టలు కొన్ని రోడ్డు పక్కన వదిలేశారు. అవి కేబుల్ దూర్చడానికి తెచ్చిన పైపులు. కేబులూ లేదు, దూర్చేవాళ్లూ లేరు. అప్పుడు ఎండాకాలం, ఎడగారుకు, అంటే రెండో పంటకు, నారు పోసుకున్న పోలేరయ్య మడికి నీళ్లందక అల్లాడుతున్నాడు. కాలవ నిండుగానే ఉంది, మధ్యలో గట్టు అడ్డం. ఆ చుట్టల వంక చూసి చూసి, ఆఖరికి ఒకటి భుజాన వేసుకొచ్చాడు. కాలవలో ఓ కొస, ఇంటి పక్క నారుమడిలో ఓ కొస పెట్టి నోటితో గట్టిగా పీల్చాడు. నీళ్లు గట్టు దాటి ధార కట్టాయి. అది చూసి మిగతా రైతులూ తలా ఒక చుట్ట తెచ్చుకున్నారు. చూస్తుండగానే ఊళ్లో ప్రతి ఇంటికీ ఆరెంజ్ పైపు వచ్చేసింది. పథకం గట్టెక్కింది!

పోలేరయ్యకు మాత్రం లోపల దడే. సర్కారు సొత్తాయె, ఎవరైనా వచ్చి కేసు పెడతారేమోనని. అనుకున్నట్టే ట్యాబ్ పట్టుకుని బ్రాడ్‌బ్యాండ్ సర్వే ఆయన ఒకరు వాకిట్లో దిగాడు. పోలేరయ్య చేతులు కట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"సార్, దీంతో మడికి నీళ్లు పెట్టుకుంటా ఉండా. ఇంట్లో నెట్టూ పాడూ ఏమీ లేదు."

"ఇంటి ముందు ఆరెంజ్ పైపు ఉందా లేదా అన్నదే నేను చూడాల్సింది. దాంట్లో ఏం పారుతుందో అడగమని నాకెవరూ చెప్పలేదు. కొంచెం ఇటు జరగండి, ఫొటోలో పైపు కనపడాలి."

కేసు తప్పిందన్న సంతోషంలో పోలేరయ్య తువ్వాలు సర్దుకుని, పైపు పక్కన నవ్వుతూ నిలబడ్డాడు. అలా ఇల్లిల్లూ ఫొటో తీసుకున్నాక చినకండ్రిగ నూటికి నూరు పాళ్లు బ్రాడ్‌బ్యాండ్ ఉన్న గ్రామమైపోయింది.

ఇక్కడితో ఆపితే ఎంత బాగుండేది! కానీ పోలేరయ్యకు వెన్నెల అనే కూతురుంది. ఇంటర్ పూర్తిచేసి, ఎంట్రన్సులో మంచి ర్యాంకు తెచ్చుకుంది. నెల్లూరు కాలేజీలో కంప్యూటర్ ఇంజినీరింగ్ సీటు మొదటి విడతలో వెంట్రుకవాసిలో తప్పింది. ఆఖరి విడతలో తప్పకుండా వస్తుందన్నారు మాస్టార్లు. కావలసిన కాలేజీని ఆన్‌లైన్‌లో ఎంచుకుని, గడువులోగా సబ్మిట్ నొక్కితే చాలు. పిల్ల చదువు డాబా మీద గాలికి వదిలే పని కాదని పోలేరయ్య ముందుగానే కోటలో బ్రాడ్‌బ్యాండ్ ఆఫీసుకు పోయి, ఇంటికి కనెక్షన్ ఇమ్మని అడిగాడు.

ఆఫీసరు కంప్యూటర్లో చూసి, "మీ ఇంటికి ఉంది కదయ్యా," అంటూ స్క్రీను ఇటు తిప్పాడు. అందులో తువ్వాలు సర్దుకుని నవ్వుతున్న పోలేరయ్య.

"అది నీళ్ల పైపు సార్. నా బిడ్డ చదువు సంగతి సార్ ఇది."

"ఒక ఇంటికి రెండు కనెక్షన్లు రూల్స్‌లో లేవు."

ఆఖరి విడతకు ఇచ్చిందే ఒక్క రోజు గడువు, ఆ రోజే గాలివాన పట్టుకుంది. కోటలో నెట్ సెంటర్ లేదా అంటారేమో. ఉంది, కరెంటే లేదు. తండ్రీ కూతుళ్లు షెల్టర్ డాబా ఎక్కారు. పోలేరయ్య గొడుగు పట్టాడు, వెన్నెల ఫోను పట్టింది. తెర మీద చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. గొడుగు గాలికి వెనక్కి విరుచుకుంది. సాయంత్రానికి గడువు ముగిసిందని తెర మీద అక్షరాలొచ్చాయి. ఆ ఒక్క ముక్క మాత్రం టక్కున వచ్చింది. పక్కనే ఉన్న నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఈ వ్యాసంలో నేను ఇంటర్నెట్ లేకపోవడాన్ని పొగుడుతున్నాను గనక ఆ సంగతి వదిలేస్తున్నాను.

మర్నాడు పోలేరయ్య మడిలోంచి పైపు పీకి, బురదతో సహా చుట్టచుట్టి, కోట ఆఫీసులో టేబుల్ మీద పెట్టాడు.

"మీ కనెక్షన్ మీరే తీసుకోండి సార్. మా ఇంటికి లేదని రాసి, నా బిడ్డకు ఒక్క రోజు గడువు ఇప్పించండి."

ఆఫీసరు కోప్పడలేదు. బురద అంటకుండా కాగితాలు పక్కకు జరుపుకుని, గడువు తన చేతిలో లేదన్నాడు. పైపు కూడా వెనక్కి తీసుకోలేనన్నాడు. తీసుకుంటే ఊరు నూటికి నూరు కాకుండా పోతుందట. మా ఊరికి త్వరలో ఢిల్లీలో అవార్డు కూడా ఇస్తున్నారట.

పోలేరయ్య మళ్లీ ఆ పైపునే భుజాన వేసుకుని ఇల్లు చేరాడు. వెన్నెల ఎదురొచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. ఏమైందని అడగకుండానే పైపు కొస అందుకుంది.

"కాలవలో వేద్దాం రా నాయనా. దాంట్లో నీళ్లన్నా వస్తాయి."

కాబట్టి పాఠకులారా, ఇంటికి ఇంటర్నెట్ రాకపోవడం మహాభాగ్యమని మరోసారి ఘంటాపథంగా చెబుతున్నాను. కాదనేవాళ్లుంటే, అవార్డు ఇచ్చే పెద్దలతో సహా, చినకండ్రిగ వచ్చి వెన్నెలతో వాదించుకోవచ్చు. ఆ అమ్మాయికి ఈ ఏడాదంతా తీరికే.