మహారాణి మాట్లాడింది

ఆ ఉదయం దర్జీ మాస్టారు పెట్టుకున్న పని ఒక్కటే: చేపల తొట్టి కడగడం. భార్య పోయి ఏడాది కావస్తోంది. ఆవిడ ముద్దుగా పెంచుకున్న బంగారు చేప, మహారాణి, తప్ప ఇప్పుడు ఆ ఇంట్లో ఆయనకు తోడు లేదు. "దాన్ని కనిపెట్టుకుని ఉండండి" అని పోతూ పోతూ చెప్పింది ఆవిడ. అందుకే దానికి ఏ లోటూ రానివ్వకూడదని ఆయన పట్టుదల.

కాలరు మీద చిన్న మరకను కూడా సహించని మనిషి. తొట్టిలో నీళ్లన్నీ పారబోశారు. గులకరాళ్లు తోమారు. నీళ్లను వడకట్టే స్పాంజి నల్లగా, జిగటగా కనబడేసరికి "ఇంత మురికిలోనా తల్లీ నీ కాపురం!" అని మరిగే నీళ్లలో వేసి, పిండి, ఎండలో ఆరేశారు. ఇస్త్రీ ఒక్కటే తక్కువ.

కొన్నాళ్లకు ఒక వింత జరిగింది. ఎప్పుడూ అడుగున తన మానాన తాను తిరిగే మహారాణి నీటిపైకి వచ్చి నోరు తెరిచి మూసింది. మళ్లీ తెరిచి మూసింది. మాస్టారు కుట్టుమిషన్ ఆపేశారు. ఆ ఇంట్లో ఆయన ఎదుట ఎవరైనా నోరు విప్పి చాలా కాలమైంది.

వెంటనే అక్కకు ఫోన్ చేశారు. "అక్కా, చేప నాతో మాట్లాడుతోందే!"

"నీ మొహం! ఆకలేస్తోందేమోరా, కాస్త మేత వెయ్యి. ఇంతకీ నువ్వు తిన్నావా?"

"దానికి పెట్టి తింటాలే."

చిటికెడు వేశారు. నోరు ఇంకా పెద్దగా తెరిచింది. ఇంకో చిటికెడు వేశారు. ఆ పూట నుంచి కంచం తొట్టి దగ్గరికే తెచ్చుకున్నారు. తనకొక ముద్ద, దానికొక చిటికెడు. చేతులు బిగుతైన జాకెట్ల సంగతి, తెగిన దారాల సంగతి అన్నీ చెప్పారు. అన్నిటికీ అది నోరు తెరుస్తూనే ఉంది. చాలా రోజుల తర్వాత ఆయనకు భోజనం రుచించింది.

ఒకరోజు తెల్లవారి చూస్తే మహారాణి పక్కకు ఒరిగిపోయి ఉంది. మాస్టారు సీసాలో తొట్టినీళ్లు పట్టుకుని చేపల దుకాణానికి పరుగెత్తారు. దుకాణదారు వాటిలో పరీక్షించే మందుచుక్కలు వేయగానే, పసుపుగా ఉండాల్సినవి ముదురు ఆకుపచ్చగా మారాయి.

"అమ్మోనియా! మిగిలిన మేతా, దాని మలమూ కలిసి ఇట్లా విషమవుతుందండీ. ఆ విషాన్ని విరిచే మంచి క్రిములు స్పాంజిలోనే కాపురముంటాయి. ఏదీ, ఆ స్పాంజి ఎట్లా ఉంది?"

"ఉడకబెట్టి ఆరేశానండీ. అది పైకొచ్చి నోరు తెరిచినప్పుడల్లా మేత కూడా వేశాను."

దుకాణదారు తల పట్టుకున్నాడు. "అది అడిగింది తిండి కాదు మాస్టారూ, ఊపిరి."

తాను ముచ్చట అనుకున్నది మొర అన్నమాట. మూగజీవికి దేవుడు నోరిచ్చి మాట ఎందుకివ్వలేదో! అయినా, మాట ఉన్నవాళ్ల మొర మాత్రం ఎవరికి వినబడుతోంది గనక?

"మేత ఆపండి. రోజూ కొన్ని నీళ్లే మార్చండి. చేపలున్న వాళ్లింటి నుంచి పాత స్పాంజి ముక్క తెచ్చి పెట్టండి. నా తొట్లకు తెగులు తగిలింది, నాది వద్దు. ఎంత మురికిదైతే అంత మంచిది."

పైవాటాలో ఉండే ఆసుపత్రి నర్సమ్మకు చేపలున్నాయి. ఆవిడ తలుపు ఆయన ఎన్నడూ తట్టలేదు. ఇప్పుడు తట్టి, రొప్పుతూ అన్నారు. "అమ్మా, మీ ఇంట్లో మురికి ఉంటే కాస్త ఇప్పించండి."

"మా ఇంట్లో మురికా! ఇప్పుడే తుడిచాను, కావాలంటే వచ్చి చూసుకోండి!"

"అంత శుభ్రంగా ఉంటే నా చేప చచ్చిపోతుందమ్మా!"

"జ్వరం ఎప్పటినుంచండీ?" అంటూ ఆవిడ థర్మామీటరు కోసం లోపలికి తిరిగింది. విషయం అర్థమయ్యాక పడీపడీ నవ్వి, తన స్పాంజి సగం కోసి ఇచ్చింది.

మహారాణి కోలుకుంది. మందుచుక్కలకు నీళ్లు పసుపురంగు దాటడం లేదు. అది అడుక్కి దిగిపోయి, మళ్లీ తన మానాన తాను తిరుగుతోంది. మాస్టారు కంచం పట్టుకుని తొట్టి ముందు కూర్చున్నారు. జాకెట్ల సంగతి మొదలుపెట్టి, మధ్యలో ఆపేశారు. అది బతికితే చాలని దేవుణ్ణి వేడుకున్నారు, ఆయన ఆలకించాడు. ఇక ఫిర్యాదు చేస్తే తప్పవుతుంది.

మెట్ల మీద నర్సమ్మ ఎదురై "ఎలా ఉందండీ మీ మహారాణి?" అని అడిగింది.

"నిక్షేపంగా ఉందమ్మా. నాతో మాట్లాడటం మానేసింది."