చెరువు గట్టు కింద కొత్త పేరు

ఒక పెద్ద అడవిలో కంటికి కనిపించకుండా జరిగే పనులే ఎక్కువ. చెరువు గట్టు కింద పందికొక్కులు చేసే పని అలాంటిదే. వానలకు చెరువు నిండితే అవి గట్టుకు కన్నం తవ్వి ఎక్కువైన నీళ్ళు వదిలేవి, చాలనగానే పూడ్చేసేవి. నేల అడుగున ఉండేవాటికి వానా కనపడదు, నీళ్ళూ కనపడవు. చెవిన పడే పిలుపొక్కటే ఆధారం.

ఆ పిలిచేది వడ్రంగిపిట్ట నూకాలమ్మ. ఎండుమాను మీద టకటకా కొట్టి, "బొద్దయ్య జట్టూ, మొదలెట్టండి!" అనేది. పనయ్యాక "బొద్దయ్య జట్టూ, చాలు!" అనేది. పేరు పెట్టి పిలవకపోతే కదలకూడదని కట్టుబాటు. లేకపోతే కోతుల అరుపులకు రోజుకు పదిసార్లు గట్టు తెగేది.

ఒకనాడు కార్యదర్శి నక్క సింహంతో, "ప్రభూ, బొద్దయ్య జట్టేమిటండీ, నాటుగా! పక్క అడవివాళ్ళు నవ్వరూ?" అంది.

సింహానికి నవ్వులంటే భయం. వెంటనే నక్క చాపిన ఉత్తర్వు ఆకు మీద పంజా ముద్ర వేసింది. బొద్దయ్య జట్టు కాస్తా 'అధికజల విసర్జన సమన్వయ దళం' అయింది.

"మా అమ్మ పెట్టిన పేరుకేమొచ్చిందండీ?" అన్నాడు పందికొక్కుల పెద్ద బొద్దయ్య.

"పాత పేరుకు పలికావో, నీ జట్టుకు గింజలు బందు!" అంది నక్క.

నూకాలమ్మ ఆ పేరును నోట్లో రెండుసార్లు తిప్పి చూసుకుంది. "నేనూ అలాగే పిలవాలా నాయనా?"

"నీ పిలుపుల పట్టీ మారడానికి వేరే ఉత్తర్వు రావాలమ్మా. అందాకా పట్టీలో ఉన్నట్టే పిలువు."

వాళ్ళు పలకకూడని పేరుతోనే నేను పిలవాలా అని నూకాలమ్మ విస్తుపోయింది. ఇంత చదువుకున్న నక్కకు తెలియదా అని సరిపెట్టుకుంది.

వానలొచ్చాయి. చెరువు నిండింది. నక్క గట్టెక్కి కొత్త పేరు రాగం తీసి చదివి, తవ్వకం ప్రారంభించి, సింహంతో కలిసి కొండ అవతలికి విందుకెళ్ళిపోయింది.

నీళ్ళు పోవాల్సినంత పోయాయి. "బొద్దయ్య జట్టూ, చాలు!" అంది నూకాలమ్మ.

ఉలుకూ లేదు, పలుకూ లేదు. వేసవంతా అడవి తాగాల్సిన నీళ్ళు గలగలా పోతున్నాయి. ఇంకో రెండుసార్లు పిలిచి, పర్యవేక్షకుడు కుందేలు దగ్గరికి ఎగిరింది.

కుందేలు నియమావళి తిరగేసింది. "మూడు పిలుపులకు పలకని జట్టు చచ్చినట్టే లెక్క. కొత్త జట్టును దించాలి."

"చావడమేంటయ్యా! తవ్వుతున్న చప్పుడు వినపడట్లా?"

"చప్పుడు సంగతి ఇందులో రాయలేదత్తా."

కుందేలు తోలిన ముళ్ళపందులు దిగాయి. దిగితే తవ్వడమే పననుకుని రెండో కన్నం పెట్టాయి.

ఇక లాభం లేదని నూకాలమ్మ పట్టీ అవతల పారేసి, కొత్త పేరే అందుకుంది. "అధికజల... విసర్జల... కాదు, అధిక విసర్జన... అయ్యో!" నోరు తిరిగేసరికి చెరువు అడుగున బురద తేలింది. అప్పుడు పందికొక్కులు ఠక్కున ఆగాయి. ఏ పట్టీలోనూ పేరు లేని ముళ్ళపందులు మాత్రం ఇంకా తవ్వుతూనే ఉన్నాయి.

బొద్దయ్య పైకొచ్చి బురద చూసి తల దించుకున్నాడు. "మొదటి పిలుపే వినపడింది పిన్నీ. పిల్లల గింజలు పోతాయని నోరు మూసుకున్నాం."

విందు తిని దాహంతో వచ్చిన సింహం గర్జించింది. "చెరువేదీ?"

నక్క బురదను తేరిపార చూసి, ఇంకో ఆకు బయటికి తీసింది. "ఎక్కడికీ పోలేదు ప్రభూ. ఇవాళ్టి నుంచి దీని పేరు 'విశాల క్రీడాప్రాంగణం'."

ఎండిన నాలుకతో పెదాలు తడుపుకుంటూ సింహం పంజా ముద్ర వేసింది.

కాబట్టి పిల్లలూ, చెడిన పనిని బాగుచెయ్యక్కర్లేదు, పేరు మారిస్తే చాలు. దాహమేసినప్పుడు మాత్రం ఆ పేరే తాగాలి.