ఎర్ర తాళంచెవి

ఆ ఉదయం అన్నగారి ఆలోచన చాలా చిన్నది. నాణెం వేస్తే బరువు చూపించే పాత మెషీన్‌కి పౌడర్ కోటింగ్ వేయించాలి, బిగించాలి, సాయంత్రం చెల్లెలు కాపురానికి వెళ్ళేలోగా ఆమెను ఒక్కసారి దానిమీద నిలబెట్టాలి. తండ్రి చేతిమీదుగా వచ్చిన మెషీన్ అది. చిన్నప్పుడు చెల్లెలు మొదటిసారి బరువు చూసుకున్నదీ దానిమీదే. ఇలాంటి పాత మెషీన్లు బాగుచేయడమే అన్నగారి వృత్తి. ఊళ్ళోవాళ్ళందరివీ బాగుచేశాడు గానీ ఇంట్లోదాన్ని మాత్రం ‘రేపు చూద్దాంలే’ అంటూ నెట్టుకొచ్చాడు. ఇక రేపటినుంచి చెల్లెలే ఉండదు.

తలలు నెరిసేదాకా అన్నాచెల్లెళ్ళిద్దరూ పెళ్ళి ఊసెత్తకుండా ఒకే ఇంట్లో బతికారు. అలాంటిది, బీరువా తాళం బాగుచేయించడానికి వెళ్ళిన చెల్లెలు తాళాల షాపాయన్ని ఇష్టపడి వచ్చింది. నిన్ననే రిజిస్టరు పెళ్ళి కూడా అయిపోయింది.

అన్నగారు మెషీన్ విడదీసి, భాగాలన్నీ ఓ రేకు పెట్టెలో వేసి కోటింగ్ షాపులో ఇచ్చాడు.

"పెట్టెలో ఉన్నవాటన్నిటికీ ఎరుపు వేసెయ్. సాయంత్రంలోగా కావాలి."

పౌడర్ కోటింగ్ అంటే కుంచెతో పూసే రంగు కాదు. పొడి చల్లి పెద్ద పొయ్యిలో కాలిస్తే అది కరిగి ఇనుముకు చర్మంలా అతుక్కుంటుంది. అందుకే నాణెం దూరే సందుకూ, బరువు చూపే ముల్లు తిరిగే ఇరుసుకూ రంగు పట్టకుండా ముందే టేపు అంటించాలి. ఆ మాట పదిమందికీ నూరిపోసే అన్నగారు ఆ పూట తానే మరిచిపోయాడు.

సాయంత్రం కోటింగ్ షాపతనే సామాను తెచ్చిచ్చాడు. దానిమ్మగింజల్లా మెరుస్తున్న మరల మధ్య ఓ ఎర్రటి తాళంచెవి!

"ఇది నా బీరువాది కదూ?" అంది చెల్లెలు.

"పెట్టెలో ఉన్నవన్నిటికీ వేయమన్నారు, వేశాను. దీనికి విడిగా ఏం తీసుకోన్లెండి," అన్నాడు కోటింగ్ షాపతను ఉదారంగా.

ఆమె బట్టలన్నీ బీరువాలోనే ఉన్నాయి. వాటికోసం తాళాల షాపాయన వ్యాన్ తెచ్చి వీధిలో నిలబెట్టాడు. రంగుతో లావెక్కిన తాళంచెవి తాళంలో దూరనంది. అన్నగారు ఆకురాయితో రాశాడు. దూరింది. తిప్పాడు. విరిగింది. పోనీ మెషీన్ అయినా పరువు నిలబెడుతుందని గబగబా బిగిస్తే, నాణెం సందులో ఇరుక్కుంది. సుత్తితో కొట్టి లోపలికి దింపారు. తాళాల షాపాయన ఎక్కాడు. ముల్లు సున్నా మీంచి కదల్లేదు. కూర్చుంటే వ్యాన్ ఓ పక్కకి ఒరిగే డ్రైవర్ ఎక్కాడు. సున్నా.

"ఒక్కసారి మా ఆవిణ్ణి పిలుచుకొస్తానండీ. తిండి తగ్గించమని ఒకటే గోల," అన్నాడు డ్రైవర్.

చివరికి చెల్లెలు ఎక్కింది. సున్నా.

"చూశావా అన్నయ్యా, నేనప్పుడే ఈ ఇంట్లో లేనంటోంది," అని నవ్వింది. ఇంకెవరూ నవ్వలేదు.

తాళాల షాపాయన బీరువా ముందు చతికిలబడి, తాళంలోకి తొంగిచూసి, పెదవి విరిచాడు. "చాలా మొండి రకమండీ ఇది. ఈ పూటకి తేలే పని కాదు. పొద్దున్నే వస్తాను," అని ఖాళీ వ్యాన్‌లో వెళ్ళిపోయాడు.

అన్నాచెల్లెళ్ళు వంటింట్లో టీ పెట్టుకున్నారు.

"ఆ తాళంచెవి పెట్టెలో ఎలా పడిందో!" అన్నాడు అన్నగారు.

"పడలేదు. నేనే వేశాను," అంది చెల్లెలు గ్లాసులోకి చూస్తూ. "ఇంకొక్క పూట ఉండొచ్చు కదాని."

"తాళాలాయన్ని కట్టుకుని తాళంచెవి దాస్తావుటే, పిచ్చిమొహమా?"

"అది గుర్తే రాలేదు. అయినా నువ్వు చూసుకోకుండా ఎలా ఇచ్చావు మరి?"

"చూశాను," అన్నాడాయన. గ్లాసు కింద పెట్టి, "తీయబుద్ధి కాలేదు."

మర్నాడు పొద్దున్నే తాళాల షాపాయన వచ్చి, చొక్కా జేబులోంచి తీగముక్క తీశాడు. కన్ను మూసి తెరిచేలోగా విరిగిన ముక్క రాలిపడింది, బీరువా తెరుచుకుంది.

"ఆ తీగ నిన్న తేలేదా బావగారూ?" అన్నాడు అన్నగారు.

"నిన్నా జేబులోనే ఉంది బావగారూ. మీ ఇద్దరి మొహాలూ చూశాక బయటికి రానని మొరాయించింది."

వ్యాన్ ఎక్కబోతూ చెల్లెలు మెషీన్‌ వైపు తిరిగింది. "ఆ ముల్లు బాగయ్యేదాకా ఆదివారం ఆదివారం వచ్చి ఎక్కి చూస్తాను, అన్నయ్యా."

వ్యాన్ మలుపు తిరిగింది. అన్నగారు లోపలికొచ్చి, "చెల్లాయ్, ఆకురాయేదీ?" అని అలవాటుగా కేకేశాడు. ఆకురాయి ఎదురుగా బల్లమీదే ఉంది. ఇరుసుకు పట్టిన రంగు దాంతో నాలుగు రాపిళ్ళు రాస్తే చాలు, ముల్లు తిరుగుతుంది. ఆయన ఆకురాయి చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ చూసి, జాగ్రత్తగా సొరుగులో పెట్టేశాడు.

ఎన్నెన్ని మొండి మెషీన్లనో దారికి తెచ్చిన చెయ్యి ఆయనది. ఆ ఒక్క ముల్లు మాత్రం ఇప్పటికీ లొంగలేదు.