సుంకప్ప మాస్టరు వేయబోయిన చౌడు

డోనులో ఇంగ్లీషు చెప్పే సుంకప్ప మాస్టరు మాట మీద నిలబడే మనిషి. ఒక్కసారి "రేపు" అన్నాడంటే, ఏ రోజు అడిగినా ఆ రేపు మీదే నిలబడేవాడు.

వానలు రాకముందే మట్టి మిద్దెల మీద నీళ్లు ఇంకనియ్యని చౌడు మన్ను పరచకపోతే మా సీమలో ఇల్లంతా కారుతుంది. మాస్టరు వాకిట్లో బండెడు చౌడు తోలించి పది రోజులైంది. భార్య నాగక్కకు అడిగి అడిగి నోరు నొప్పి పుట్టింది.

"ఏమయ్యా, మబ్బు పట్టిండాది. చౌడు ఎప్పుడేస్తావు?"

మాస్టరు మంచం దిగలేదు. మర్నాడు బడికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. పాఠం బాగుందని ఆయన రాస్తేనే ఉద్యోగం పర్మనెంటు. పాఠమేమో, నిన్న మనసులో అనుకున్న రేపటి సంగతిని ఇంగ్లీషులో ఎట్లా చెప్పాలన్నది. దాన్నే పెళ్లాం మీద ప్రయోగించాడు.

"దొరలు 'ఐ వాజ్ గోయింగ్ టు' అంటారే. అంటే, వేద్దామనే అనుకున్నానని. ఆ మాట విన్నాక దొరసాని నోరెత్తదు."

"ఇంతకీ దొర ఏసినాడా, లేదా?"

"ఆ సంగతి అందులో ఉండదే! అనుకున్నాడా లేదా, అంతే."

"అబ్బ, సోమరిపోతులకు శానా బాగా అమర్చినారే!"

"నేను పాఠం రాసుకుంటాండా. వంటింటి పక్క నువ్వూ పక్కింటి గిడ్డమ్మా ఏసుకోండి. ఈ మూల నేనేస్తా."

మిద్దెక్కిన ఆడవాళ్లు సగంలో దిగుతారా, ఇల్లంతా కప్పేస్తారు. అదీ మాస్టరు ఎత్తు. నాగక్కా, గిడ్డమ్మా పైన తట్టలు కుమ్మరిస్తుంటే, ఆ చప్పుడు వింటూ హాయిగా కునుకు తీశాడు.

సాయంత్రం వాన దంచింది. వంటింట్లో చుక్క పడలేదు. మాస్టరు మంచం మీద మాత్రం ధార కట్టింది. పన్నెండు పేజీల పాఠం సిరా నీళ్లయింది.

"అయ్యో, నా ఉద్యోగం! ఈ మూల ఎందుకు వదిలేసినావే?"

"నువ్వేస్తానంటివి గదా! మొగుని మాట నేను తీసేస్తానా?"

మర్నాడు మాస్టరు వట్టి చేతులతో పాఠం మొదలుపెట్టాడు. ఉదాహరణలకు ఇంటి సంగతే దిక్కయింది. "సుంకప్ప చౌడు వేయబోయాడు. భార్యే వేస్తుందనుకున్నాడు. వాన రాదనుకున్నాడు." పిల్లలు ఒక్కొక్కటే ఇంగ్లీషులోకి తిప్పి చెప్పారు. ఇన్‌స్పెక్టరు నవ్వీ నవ్వీ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయనది కడప. ఆయన మిద్దె కూడా కారుతోందట!

మాస్టరు ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. "నాగా! ఉద్యోగం పర్మనెంటే!"

"రాసిచ్చినాడా?"

"రాస్తానన్నాడు."

"ఎప్పుడు?"

"రేపు."

నాగక్క పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి, ఆయన చేతికి తట్ట అందించింది. మాస్టరు నిచ్చెన ఎక్కాడు. రెండు తట్టలు పోసేసరికి నడుము పట్టేసింది. అంతలో కింద వంటింట్లోంచి నేతి బొబ్బట్ల వాసన వచ్చింది.

"ఓళిగలు చేసినావా?"

"చేసినా. నువ్వు దిగినాక పెడదామనుకుంటాండా!"

ఆ "అనుకుంటాండా" వినగానే మాస్టరు దిగబోయి నిచ్చెన మీద పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాడు.

"ఇంకో తట్ట అందియ్యే" అన్నాడు.