సొంత ఇంట్లో మూడు రాత్రుల విడిది

లుక్కా నగరవాసి శ్రీమతి జెలిండా జంబాస్తియాని, వయస్సు ఎనభై మూడు, ఈ సెప్టెంబరులో విహారయాత్ర నిమిత్తం లుక్కా నగరానికి విచ్చేయనున్నారని కుటుంబ సభ్యులు సంతోషంతో ప్రకటించారు. ఆవిడ పుట్టింది లుక్కాలో, పెళ్లాడింది లుక్కాలో, ఫిల్లుంగో వీధిలోని మూడో అంతస్తులో యాభై తొమ్మిదేళ్లు కాపురం చేసిందీ లుక్కాలోనే. అయితే పర్యాటకురాలిగా రావడం మాత్రం ఇదే మొదటిసారి.

ఆరేళ్ల కిందట కొడుకు రుగ్గేరో ఆవిడ సుఖం కోరి, ఊరి బయట లిఫ్టున్న ఫ్లాటుకు మార్చాడు. ఖాళీ ఇంటిని ఊరికే ఉంచడం పాపం కనుక అతిథుల కోసం దాన్ని విల్లాగా తెరిచాడు. డెబ్బై ఒక్క మెట్లెక్కి చేరుకునే మూడు గదులు విల్లా ఎలా అవుతాయని మీబోటివాళ్లు అడగొచ్చు, పేరు గొప్ప ఊరు దిబ్బ అని గొణగనూ వచ్చు. లుక్కాలో ఆ మాట ఎవరూ అనరు, ఎవరి విల్లా వాళ్లకుంది. పైగా రుగ్గేరో మాతృభక్తి గలవాడు. విల్లాకు అమ్మ పేరే పెట్టి, గుమ్మం పక్కన ఆవిడ తరఫున ఒక స్వాగతపత్రం కూడా రాసి అద్దంలో బిగించాడు. "నా బంగారు తల్లుల్లారా, నాయనల్లారా, ఈ ఇంటిని మీ సొంత ఇల్లే అనుకోండి. ఇట్లు, మీ నాన్నమ్మ జెలిండా." ఈ సంగతి ఆవిడకు తప్ప నాలుగు ఖండాలవాళ్లకూ తెలుసు. కన్నతల్లీ ఉన్న ఊరూ ఒక్కటే అంటారు. రుగ్గేరో రెంటినీ ఒక్కలాగే చూశాడు, రెంటినీ అద్దెకిచ్చాడు.

జెలిండా కోరిక చిన్నది. సెప్టెంబరు పదమూడు సాయంత్రం పవిత్ర శిలువ ఊరేగింపు వెళ్లే దారి పొడవునా ఇళ్లవాళ్లు కిటికీ గట్ల మీద గాజు గిన్నెల్లో దీపాలు పెడతారు. కాపురానికి వచ్చిన ఏడాది నుంచీ ఆవిడ తన కిటికీలో పన్నెండు పెట్టేది. ఈ ఆరేళ్లూ పెట్టలేదు. మొన్న వేసవిలో గుండె డాక్టరు ఆవిడ రిపోర్టులు తిరగేసి, వాటి మాట వదిలేసి, ఈ ఏడు ఎండలు ఎక్కువగా ఉన్నాయన్నాడు. ఆ రోజు నుంచీ ఆవిడకు ఆ దీపాల ధ్యాసే.

"ఒక్కసారి నా కిటికీలో దీపాలు పెట్టుకుంటాన్రా," అంది ఆదివారం భోజనాల దగ్గర.

రుగ్గేరోది రాతిగుండె కాదు. వెంటనే ఫోను తీసి చూశాడు. ఎవరో బెల్జియం దంపతులు ఆ తేదీ రద్దు చేసుకున్నారు. అయితే యజమాని తన ఇంటిని తనవాళ్ల కోసం ఆపుకుంటే బుకింగ్ జాబితాలో విల్లా పైనుంచి అట్టడుక్కి జారిపోతుంది. కనుక అమ్మ అతిథిగా రావడమే అన్ని విధాలా క్షేమమని, అదీ మూడు రాత్రులకు తక్కువైతే కుదరదని వివరించాడు. దరఖాస్తులో "రాకకు కారణం" అనే గడి కింద ఇచ్చిన జాబితాలో దీపాలు లేవు. నగర సందర్శనం అని నింపాడు.

నగర సందర్శనం అన్నాక ప్రణాళిక ఉండాలి. కోడలు ఓర్నెల్లా ఆ పని భుజాన వేసుకుంది. మొదటిరోజు కోటగోడ మీద షికారు, నెత్తిన చెట్లు మొలిచిన బురుజు ఎక్కడం, మెట్లు రెండు వందల పైచిలుకు. రెండోరోజు ఉదయం జెలిండా పెళ్లి జరిగిన చర్చి, నలభై నిమిషాలు. మధ్యాహ్నం అసలైన లుక్కా నాన్నమ్మ దగ్గర వంట పాఠం.

"నాకు వంట నేర్పే నాన్నమ్మ ఎవరే?" అని అడిగింది జెలిండా.

"మిలానో అమ్మాయి అత్తయ్యా. ముప్పై ఏళ్లుంటాయేమో. జుట్టుకు తెల్లరంగు వేసుకుని మరీ నేర్పుతుందట, పాపం."

పన్నెండో తారీకున అతిథి వేంచేశారు. ఆవిడ సంచిలోని ఇనప తాళంచెవి తలుపుకు పట్టలేదు. గోడకు బిగించిన తాళాల పెట్టెలో నాలుగంకెలు నొక్కాలి. ఆ రహస్య సంఖ్య ఆవిడ పుట్టిన సంవత్సరమే.

లోపల స్వాగతపత్రం కనిపించింది. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, బాగానే రాశాను అనుకుంది. దాని కిందే ఇరవై రెండు నియమాలున్నాయి. వాసన వచ్చే వంట చేయరాదు. సామాను కదపరాదు. నిప్పు వెలిగించరాదు. ఆవిడ రాగి గుండిగ గోడకు వేలాడుతోంది, "అలంకారం, ముట్టరాదు" అన్న చీటీతో. పడకగదిలో భర్త ఫోటో ఉండే చోట గుబురు మీసాల పెద్దమనిషి ఒకాయన చూస్తున్నాడు. అసలు తాతగారు ఫుట్‌బాల్ బనీనులో ఉన్నందున సంప్రదాయంగా కనిపించడం లేదని, రుగ్గేరో పాతసామాన్ల సంతలో ఈ తాతగారిని కొన్నాడు. అతిథులకు ఈయనంటే చాలా గౌరవం.

జెలిండా మీసాలాయన్ని గోడవైపుకు తిప్పింది. ముక్కూ మొహం తెలియని మగవాడి ముందు నిద్రపోవడం ఆవిడకు అలవాటు లేదు. గుండిగ దించి, తోమి, బీన్సు వేసి గోధుమ చారు కాచింది. మంచాన్ని కిటికీ పక్కకు, అది ఆ ఇంటికి వచ్చినప్పటినుంచీ ఉన్న చోటుకు లాగింది. ఆ స్వాగతపత్రంలోని మాటను ఎవరు పాటించకపోయినా, రాసిన మనిషి తప్పక పాటించాలి కదా.

పదమూడు సాయంత్రం వీధి కిక్కిరిసింది. దీపాలు చూడ్డానికి ఎక్కడెక్కడినుంచో వచ్చారు. వాళ్లు దిగిన విల్లాలన్నీ ఆ వీధిలోనే, ఆ కిటికీల వెనకే. అన్నిట్లోనూ నిప్పు నిషేధం. కనుక వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా చీకటిగా ఉంది, చూసేవాళ్లు కిందా, వెలిగించని కిటికీలు పైనా. దీపాలు ఎప్పుడు మొదలవుతాయని ఒకళ్లనొకళ్లు మర్యాదగా అడుగుతున్నారు.

మూడో అంతస్తులో జెలిండా మేజోళ్లలో చుట్టి తెచ్చిన గాజు గిన్నెలు బయటికి తీసింది. ఒకటి వెలిగింది. రెండు. పన్నెండూ వెలిగేసరికి కింద చప్పట్లు మోగాయి. రెండు నిమిషాల్లో కింది వీధి తలుపు నుంచి ఇంటర్‌కమ్ కూడా మోగింది.

"అమ్మా, తలుపు తియ్యి. నిప్పు పెట్టకూడదని రాసుంది కదా."

"ఎవరండీ మాట్లాడేది?"

"నేనమ్మా, రుగ్గేరోని."

"ఇంటి యజమానిగారా? ఒకరోజు ముందు చెప్పకుండా తమరు లోపలికి రాకూడదండీ. పదకొండో నియమం. తమరే రాశారు."

"జనం చూస్తున్నారే అమ్మా."

"చూడనీరా. వచ్చింది చూడ్డానికేగా. నువ్వూ చూడు. మీ నాన్న నిన్ను భుజానెక్కించుకుని అక్కడే నిలబడేవాడు."

రుగ్గేరో తలెత్తాడు. ఊరేగింపు వెళ్లిపోయే దాకా అతనికి ఇరవై రెండింటిలో ఒక్క నియమమూ గుర్తురాలేదు. ఇది అతని జీవితంలో జరిగిన ఏకైక పొరపాటు, దాన్ని తర్వాత చక్కగా సరిదిద్దుకున్నాడు.

ఆ రాత్రి ఎవరో తీసిన కిటికీ ఫోటో ఊళ్లు తిరిగింది. రుగ్గేరో దాన్ని విల్లా ప్రకటనకు నెత్తిన పెట్టి, "నాన్నమ్మ జెలిండా స్వయంగా దీపాలు వెలిగించే ఇల్లు" అని రాసి, బ్యాటరీ దీపాలు డజను కొన్నాడు. వచ్చే సెప్టెంబరు పదమూడుకు దరఖాస్తులు కుప్పపడ్డాయి. వాటిలో మీదీ ఉండొచ్చు, మీ అదృష్టం.

జెలిండా కూడా పెట్టుకుంది. డాక్టరు మళ్లీ ఎండల గురించి మాట్లాడాడు కనుక ముందుగానే పెట్టుకుంది. అది తిరస్కరణకు గురైంది. ఇందులో తన చెయ్యేమీ లేదని, అతిథి గురించి కిందటిసారి ఇల్లిచ్చిన యజమాని రాసిన అభిప్రాయం చూసి కంప్యూటరే తేలుస్తుందని, అభిప్రాయమన్నాక నిజాయితీగా రాయక తప్పదని రుగ్గేరో అందరికీ చెప్పాడు. అతను రాసింది ఇది:

"అతిథి వృద్ధురాలు, శుభ్రత ఉంది, మంచి మాటకారి. అయినా మరెవరూ ఈమెకు ఇల్లు ఇవ్వవద్దని మనవి. మా ఇంటిని సొంత ఇల్లే అనుకున్నారు."