మిద్దె మీద ఎండపొయ్యి

త్రివిక్రమరావుకు ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, ఇంట్లో అడుగులు కొలిచే పని మాత్రం ఆయన ఏనాడూ మానలేదు.

సెలవుల్లో పిల్లలతో కలిసి ఇంట్లోనే సైన్సు ప్రయోగాలు చేయండని కూతురు సింధు చదివే బడివాళ్లు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టిన రోజు మొదటి అడుగు పడింది. వంటసోడా, వెనిగర్ కలిపి హాల్లో అగ్నిపర్వతం పేల్చాడు. లావా తాలూకు మరక సోఫా మీద స్థిరపడిపోయింది. రెండో అడుగు వంటింట్లో. నిమ్మకాయలతో కరెంటు పుట్టించాడు. మిణుగురు పురుగు సిగ్గుపడేంత వెలుగు వచ్చిన మాట నిజమే. ఆ రోజు పులిహోరలో పులుపు రాని మాట కూడా నిజమే.

పులివెందుల ఆఫీసు నుంచి ప్రొద్దుటూరుకు బస్సులో వస్తూ వస్తూ మూడో అడుగుకు చోటు ఖాయం చేసుకున్నాడు. చెప్పులు విప్పకముందే ప్రకటించాడు.

"మిద్దె మీద ఎండపొయ్యి పెడ్తాండా. గ్యాసు ల్యాకుండా, కట్టెల్ల్యాకుండా, ఒట్టి ఎండతో వంట!"

మీనాక్షి చేటలో మిరపకాయలు ఏరుతోంది. తల ఎత్తలేదు. "బలి చక్రవర్తి ఎంత మంచోడో నాకిప్పుడు తెలుస్తాంది."

"మే నెలలో మన ఊరి ఎండ ఊరికే పోతాంది మీనాక్షీ. ఎంత నష్టం!"

"ఊరికే యాడ పోతాంది? నా వడియాలు, ఊరుమిరపకాయలు, చింతపండు ఏం, నీడన ఎండుతాండాయా?"

"అవి ఎండబెట్టేది. ఇది ఇంజినీరింగు."

"మీది ఏమన్నా కానీండి. ఉండేది ఒక్క మిద్దె. ఈ ఎండాకాలం అది నా వడియాలకు."

అసలు పేచీ అక్కడే. మాటా మాటా పెరిగి పందెం దాకా పోయింది. ఆదివారం ఆ పెట్టెలో కందిపప్పు ఉడికితే, వానలు పడేదాకా మిద్దె త్రివిక్రమరావు ప్రయోగశాల. ఉడక్కపోతే, ఈ ఏడాది వడియాలన్నీ ఆయనే పెట్టాలి. అదీ నడిమిద్దెన, వీధి వీధంతా చూస్తుండగా.

తీర్పు చెప్పడానికి జమ్మలమడుగు నుంచి అత్తగారు వసంతమ్మ వస్తానంది. "పప్పు ఉడికిందో లేదో చెప్పేదానికి నాకు పండ్లు కూడా అక్కర్ల్యా. చిగుళ్లు చాలు" అని ఫోనులోనే తన అర్హతలు చెప్పుకుంది.

కూలరు వచ్చిన అట్టపెట్టె, దాని లోపల ఇంకో చిన్న పెట్టె, రెంటి మధ్యా కుక్కిన పాత పేపర్లు, లోపలంతా నల్లరంగు, తెరిచిన మూత మీద తళతళలాడే వెండికాగితం. తండ్రీ కూతుళ్లు మురిసిపోతూ కట్టారు. పైన కప్పడానికి గాజు పలక కావాలి. ఇంట్లో ఆ కొలతకు సరిపోయింది ఒక్కటే దొరికింది. పెళ్లి ఫోటోది.

"మన పెళ్లిని ఎండకు పెడ్తాండారా?" అంది మీనాక్షి.

"ఫోటో బీరువాలో భద్రంగా ఉంది. అద్దం ఒక్కటే తీసినా."

"తీసుకోండి. దాని దుమ్ము తుడవలేక నేనూ చస్తాండా."

శనివారం రిహార్సల్ జరిగింది. నల్లరంగు పూసిన గిన్నెలో పప్పు, నీళ్లు పోసి పెట్టెలో పెట్టాడు. పెట్టి ఊరుకుంటే ఆయన త్రివిక్రమరావు ఎందుకవుతాడు? అటు తిరిగి మూత తీశాడు, ఇటు తిరిగి మూత తీశాడు.

"నాన్నా, మూత తీస్తే వేడంతా పోతాది" అంది సింధు.

"తెలుసులేమ్మా. ఎంత పోయిందో చూద్దామనే తీస్తాండా."

సాయంత్రానికి ఒక పప్పు బద్ద నోట్లో వేసుకుంటే టక్కుమని చప్పుడైంది. విరిగింది పప్పో పన్నో కాసేపు తేలలేదు. పన్ను కాదని తేలాక, నడిమిద్దెన గరిట పట్టుకుని కూర్చున్న తన రూపం కళ్లముందు ఆడింది. చీకటి పడకముందే పక్కింటి అమీర్ బాషాను గడప దగ్గర పట్టుకున్నాడు.

"బాషా, రేపు మధ్యాన్నం నాకొక గిన్నెడు పప్పు ఉడికించి పిట్టగోడ మీంచి ఇయ్యాల."

"పప్పేంది సార్! మీరు నోరు తెరిచి అడిగితే బ్రహ్మాండంగా విందే చేయిస్తా."

"వద్దప్పా! ఒట్టి పప్పు. ఉప్పు కూడా వద్దు."

బాషా మొహం దిగాలుపడింది. "ఇంట్లో ఎవరికన్నా బాగల్యాదా సార్?"

"నాకే" అన్నాడు త్రివిక్రమరావు. ఒక రకంగా అది నిజమే. నల్లరంగు పూసిన రెండో గిన్నె, మూతతో సహా చేతిలో పెట్టాడు. "ఎవరికీ చెప్పొద్దు."

"మున్నీకి తప్ప ఎవరికి చెప్తా సార్!"

మున్నీ అంటే బాషా భార్య. పిట్టగోడకు అటువైపు ఆమె, ఇటువైపు మీనాక్షి రోజూ ఒకే వేళకు బట్టలు ఆరేస్తారని త్రివిక్రమరావుకు తెలియకపోలేదు. తోచలేదంతే.

ఆదివారం పొద్దున్నే వసంతమ్మ దిగింది. సింధు ఫోనులో వీడియో తీస్తుండగా, తన కళ్లముందే పప్పు పోయించి, నీళ్లు పోయించి, అద్దం మూయించింది. "ఇంక నేను చెప్పేదాకా ఎవరూ దాన్ని ముట్టుకోగూడదు" అని అల్లుడిని చెయ్యి పట్టుకుని కిందికి దింపింది. ఫోనులో కనిపించకుండా పోయిన ఫోటోలన్నీ వెతికిపెట్టమని పక్కన కూర్చోబెట్టుకుంది. ఆమె తిరుపతి ఫోటో వెతికిస్తే మైదుకూరు పెళ్లి ఫోటో దొరికేది. అందులో ఎవరెవరున్నారో అందరి గురించీ చెప్పేది. మిట్టమధ్యాహ్నానికి గానీ ఆయనకు విడుదల దొరకలేదు.

"పెట్టె మీద నీడ పడిందేమో చూసొస్తా" అని మెట్లెక్కాడు.

చెప్పులు మరిచిపోయాడు. కాలే మిద్దె మీద రెండు కాళ్లూ ఒకేసారి ఆనకుండా చిందులు వేస్తూ పెట్టె దగ్గరికి చేరాడు. పిట్టగోడ మీద మూతపెట్టిన గిన్నె పట్టుకుని మున్నీ సిద్ధంగా ఉంది. అద్దం తీసి పెట్టె లోపలి గిన్నె పట్టుకోగానే "అబ్బా!" అని కేక పెట్టాడు.

"ఏమైందన్నా?"

"ఏంల్యా. ఎండ."

గిన్నె ఎందుకంత కాలుతోందని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఈ కథ ఇక్కడే ఆగిపోయేది. తువ్వాలుతో పట్టుకుని గోడ దాటించాడు, అటుది ఇటు పెట్టాడు, అద్దం మూశాడు, అందరినీ పిలిచాడు.

సింధు ఫోను పట్టుకుని వీడియో తీస్తోంది. త్రివిక్రమరావు గొంతు సవరించుకుని సూర్యకిరణాల గురించి నాలుగు మాటలు చెప్పి, ఠీవిగా గిన్నె మూత ఎత్తాడు.

గుత్తివంకాయ. కాడలతో సహా. పైన నూనె తేలి, నువ్వులూ శెనక్కాయలూ దట్టించిన మసాలాలో మునిగి, కొత్తిమీర చల్లుకుని వంకాయలు పడుకుని ఉన్నాయి.

వాసన మిద్దె అంతా తిరిగింది.

"పొద్దున పోసింది కందిపప్పే కదా అల్లుడా?" అంది వసంతమ్మ.

"అదే అత్తయ్యా... ఎండ శానా ఎక్కువైతే..."

"వంకాయ అయితాదా?"

"నాన్నా, కొంచెం ఈపక్కకు తిరిగి చెప్పు" అంది సింధు.

"సూర్యభగవానుడు నువ్వులు ఎంత దోరగా వేయించినాడో చూడమ్మా!" అంది మీనాక్షి. "కొత్తిమీర కూడా సన్నంగా తరిగినాడు."

ఆమె మొహంలో అంత ప్రశాంతత చూశాక త్రివిక్రమరావుకు అంతా అర్థమైంది. "నీకు ముందే తెలుసా?"

"మున్నీ నన్నే అడిగింది కదా! అన్నకు ఒంట్లో బాగల్యాదంట, ఉప్పుల్యాని పప్పు యాడ తింటాడు, ఏం చేయమంటావక్కా అని. నోటికి రుచిగా ఉండేది ఏదన్నా చెయ్యమ్మా అన్న్యా."

ఆయన తల దించుకుని కాలే మిద్దెను చూసుకుంటున్నాడు. సరిగ్గా అప్పుడే పిట్టగోడ మీంచి మున్నీ తల లేచింది.

"అన్నా, నువ్వు ఇచ్చిన పప్పును ఏం చేయాల? వెన్న మాదిరి ఉడికిపోయింది. తాలింపు పెట్టేదా?"

ఈసారి మీనాక్షి నోరు కూడా తెరుచుకుంది. వసంతమ్మ గోడ దగ్గరికి నడిచి, రెండు వేళ్ల మధ్య ఒక బద్దను నలిపింది. అది కనిపించకుండా పోయింది.

"ఉడికింది" అంది.

త్రివిక్రమరావు ఎగిరి గంతేశాడు. "గెలిచినా! చూసినావా మీనాక్షీ, గెలిచినా!"

"గెలిచింది పెట్టె, నువ్వు కాదు నాయనా" అంది వసంతమ్మ. "దాన్ని నువ్వే నమ్మకపోతివి. మిద్దెలో ఒక మూల పెట్టెకు. వడియాలు నీకు."

అప్పీలుకు పై కోర్టు లేదు. మెట్ల నీడలో అందరూ కూర్చుని, ఎండలో ఉడికిన పప్పుకు మున్నీ పెట్టిన తాలింపుతో, ఆమె వండిన వంకాయతో అన్నం తిన్నారు. ఓడినవాడు అందరికంటే ఎక్కువ తిన్నాడు. తన పప్పు కదా.

మరునాడు పొద్దున ఆయన నడిమిద్దెన తడిగుడ్డ పరిచి, గరిటతో వడియాలు పెడుతున్నాడు. ఒక్కటీ గుండ్రంగా రావడం లేదు. సింధు ఫోను చూసుకుంటూ మెట్లెక్కి వచ్చింది.

"నాన్నా, నిన్నటి వీడియో గ్రూపులో పెట్టినా. పప్పు పోసేది, మూత తీసేది, రెండే ఉంచినా. మా సైన్సు టీచరుకు శానా నచ్చింది. బడి తెరిచినాక నువ్వొచ్చి అందరి ముందర ఎండతో గుత్తివంకాయ చేసి చూపియ్యాలంట."

త్రివిక్రమరావు చేతిలోని గరిట గాల్లోనే ఆగిపోయింది. భార్యవైపు చూశాడు.

"తప్పకుండా పోండి" అంది మీనాక్షి, తడిబట్ట విదిలించి దండెం మీద వేస్తూ. "మున్నీకి ఇప్పుడే చెప్పి పెడతా."